అన్నయ్యని యారోగెంట్ అన్నాను, తప్పా మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర ఒక ఊరు. హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా పెదనాన్నగారి అబ్బాయి పదిహేనేళ్ళ నుంచి డాలస్‌లో ఉంటున్నాడు. ఈ సంక్రాంతికి వచ్చాడు. ఊళ్ళో కొత్తగా మూడంతస్తుల ఇల్లు కట్టాడు, లిఫ్టు కూడా పెట్టించాడు. పండగ నాలుగు రోజులూ వచ్చినవాళ్ళకి ఇల్లు చూపించడమే పని. నాకే మూడుసార్లు చూపించి "ఎలా ఉందే?" అని అడిగాడు. భోజనాల దగ్గర నోరు తెరిస్తే నేను, నా ఆఫీసు, నా టీమ్. ఫొటోలకి గంటకో చొక్కా. వెళ్ళేరోజు మా ఇంటి ముందు కారాపి, దిగకుండానే అద్దం దించి "వెళ్ళొస్తానే" అని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఒళ్ళు మండి మా ఫ్యామిలీ గ్రూపులో "యూ హావ్ బికమ్ సో యారోగెంట్ అన్నయ్యా" అని పెట్టాను. "నేనెవర్ని చిన్నచూపు చూశానే?" అని ఒక్క ముక్క రాసి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. రెండు నెలలైంది, ఫోన్ లేదు. పెద్దమ్మ కూడా ముభావంగా ఉంటోంది. నిజానికి అప్పుడు నా మనసులో ఉన్నది డాబు అనే మాట. డిక్షనరీ తీస్తే వెయిన్, కన్సీటెడ్, యారోగెంట్, పాంపస్, సెల్ఫ్ ఇంపార్టెంట్, అన్నిటికీ గర్వం, అహంకారం అనే ఉంది. వీటికి తేడా ఏమిటి? నేను రాయాల్సిన మాట ఏది?

జవాబు:

అమ్మా,

మీ అన్నయ్య ఇచ్చిన జవాబు ఇంకోసారి చదవండి. "నేనెవర్ని చిన్నచూపు చూశానే?" యారోగెంట్ అన్న మాటకి మీ డిక్షనరీ ఇవ్వలేని అర్థం ఆ ఒక్క వాక్యంలో ఉంది. పదిహేనేళ్ళుగా ఇంగ్లీషు మధ్య బతుకుతున్న మనిషి కాబట్టి ఆ మాట బరువు ఆయనకి సరిగ్గా తెలిసింది. మీరు డాబు అనుకుని రాశారు. ఆయనకి మాత్రం "నువ్వు మమ్మల్ని మనుషుల కింద లెక్కచెయ్యడం లేదు" అన్నట్టు వినబడింది. తప్పు మీ మనసులో లేదు, మాటలో ఉంది. అది మాత్రం చిన్న తప్పు కాదు.

యారోగెంట్ అనే మాట లాటిన్ నుంచి వచ్చింది. దాని మూలంలో ఉన్నది అడగడం, తనకి రావాలని క్లెయిమ్ చేసుకోవడం. తనకి లేని హక్కుని తనదేనని లాక్కునేవాడు యారోగెంట్. నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కడానికి ఎప్పుడైనా నిలబడ్డారా? అవతల సఖినేటిపల్లి వెళ్ళాల్సిన బళ్ళన్నీ వరసలో ఉంటాయి. పాల క్యాన్లు కట్టుకున్న టీవీఎస్, పెళ్ళికి వెళ్తున్న ఆటో, వెనకాల ఇంకో పది బళ్ళు. అప్పుడొక కారు వెనక నుంచి హారన్ కొట్టుకుంటూ వచ్చి అందర్నీ దాటి ముందుకెళ్ళి నిలబడుతుంది. ఎవరైనా అడిగితే "నేనెవరో తెలుసా?" అంటాడు. అదీ యారోగెన్స్. అక్కడ ఎదుటివాడు ఉన్నాడు చూశారా, పాల క్యాన్ల కుర్రాడు, అతని టైమ్‌కి విలువ లేదనడం ఉంది. ఎదుటివాణ్ణి తగ్గించకుండా యారోగెన్స్ ఉండదు. తెలుగులో దీనికి దురహంకారం అనండి, పొగరు అనండి, మనవైపు మాటల్లో 'బలుపు' అనండి. డాబు మాత్రం కాదు.

ఇప్పుడు వెయిన్ చూద్దాం. ఈ మాట దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మీ సమస్య చాలావరకు ఇక్కడే ఉంది.

వెయిన్‌కి మూలమైన లాటిన్ మాటకి అర్థం ఖాళీ. లోపల ఏమీ లేనిది. ఇంగ్లీషులో "ఇన్ వెయిన్" అంటే వృథాగా అని మీ పిల్లలకి కూడా తెలుసు. పాత ఇంగ్లీషు బైబిల్లో వానిటీ అని ఉన్నచోట మన తెలుగు బైబిల్లో 'వ్యర్థము' అని ఉంటుంది. ప్రసంగి గ్రంథం మొదట్లోనే చూడొచ్చు. అక్కడ అద్దాల ప్రసక్తి లేదు, షోకుల ప్రసక్తి లేదు, ఉన్నదంతా ఖాళీ అన్న అర్థమే. తర్వాత అదే మాట తన రూపాన్ని, తన సొత్తుని చూసుకుని మురిసిపోయే గుణానికి అతుక్కుంది.

నా చిన్నప్పుడు కుప్ప నూర్చాక మా నాన్నగారు పీట మీద నిలబడి చేటతో ధాన్యం ఎత్తి పోసేవారు. గట్టిగింజ ఆయన కాళ్ళ దగ్గరే పడేది. తాలు గాలికి ఎగిరి పక్కకి పోయి నా మీద పడేది. నేను ఒక తాలు గింజ ఏరి చేతిలో పెట్టుకుని చూసేవాణ్ణి. పైకి అచ్చం గింజే. అదే బంగారు రంగు, అదే ముల్లు. గోటితో నొక్కితే చప్పగా అణిగిపోయేది, లోపల బియ్యం లేదు. కోతకి ముందు చేలో చూసినా అంతే, పాలు పోసుకుని గట్టిపడ్డ కంకి బరువుకి వంగి ఉంటుంది, తాలు కంకి నిటారుగా నిలబడుతుంది. వెయిన్ అన్న మాట క్లాసులో చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు ఆ గింజే గుర్తొచ్చేది. డెల్టా పిల్లలకి ఇంకో ఉదాహరణ అక్కర్లేకపోయింది.

వెయిన్ మనిషికి అద్దం కావాలి. ఆ అద్దం నిజం అద్దమైనా కావచ్చు, మన కళ్ళయినా కావచ్చు. వానిటీ బ్యాగ్ అంటాం, సినిమా షూటింగులకి మన ఊళ్ళలోకి వచ్చే వానిటీ వ్యాన్ అంటాం. రెండింట్లోనూ ఉన్నది అలంకారమే, అద్దమే. చొక్కా ఎలా ఉంది, జుట్టు ఎలా ఉంది, ఇల్లు ఎలా ఉంది అని అడుగుతూ ఉండటం వానిటీ లక్షణం. ఇక్కడ ఎవర్నీ తగ్గించడం లేదు. ఇంకా చెప్పాలంటే ఎదుటివాళ్ళకి చాలా పెద్ద పీట వేస్తున్నాడు, వాళ్ళు బాగుందంటే తప్ప ఆయనకి తృప్తి లేదు. యారోగెంట్ మనిషి మీ అభిప్రాయం అడగడు. మీరు మెచ్చుకున్నా, మెచ్చుకోకపోయినా అతనికి ఒకటే. మీ అన్నయ్య మిమ్మల్ని మూడుసార్లు అడిగాడని మీరే రాశారు.

కన్సీటెడ్‌ని వీటి మధ్యన పెట్టుకోండి. కాన్సెప్ట్‌కి, దీనికి మూలం ఒకటే. మనసులో కట్టుకున్న ఊహ. తన గురించి తాను వేసుకున్న అంచనా ఆకాశంలో ఉంటే కన్సీటెడ్. "ఎలా ఉంది?" అని వెయిన్ మనిషి అడుగుతాడు. కన్సీటెడ్ మనిషి అడగడు, తనే తేల్చేసుకున్నాడు. సాధారణంగా వెయిన్ అన్నది రూపం, బట్టలు, పైకి కనబడే వస్తువుల దగ్గర ఎక్కువ వాడతారు. కన్సీటెడ్ అన్నది తెలివి, ప్రతిభ, సామర్థ్యం దగ్గర. క్లాసులో ఫస్టొచ్చి "ఈ స్కూల్లో నాకు చెప్పగలిగేవాళ్ళు లేరు" అనుకునే కుర్రాడు కన్సీటెడ్. ఆ మాట టీచర్ ముఖం మీదే అంటే అప్పుడు యారోగెంట్ అయ్యాడు. లోపల ఉన్నంతసేపు ఒకటి, బయటికొచ్చి ఇంకొకరికి తగిలితే ఇంకొకటి.

పాంపస్ మాట గ్రీకులో ఊరేగింపు అన్న అర్థం నుంచి పుట్టింది. ఊరేగింపు మంచిదే కదా! కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తే తెలుస్తుంది. పదకొండు ఊళ్ళ రుద్రుల ప్రభల్ని భుజాల మీద ఎత్తుకుని, పచ్చటి చేలలోంచి, కౌశిక నీళ్ళలోంచి దాటించి తెస్తారు. ఆ ఎత్తు, ఆ రంగులు, ఆ డప్పులు, ఆ అరుపులు దేవుడికి తగిన వైభవం. ఇంగ్లీషులో దాన్ని పాంప్ అంటే అందులో తిట్టు ఏమీ లేదు. అదే వైభవాన్ని ఒక మనిషి తన మాట మీద, తన నడక మీద ఎక్కించుకుంటే పాంపస్. మామూలుగా "భోజనానికి రండి" అనాల్సిన చోట ఐదు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చే మనిషి. పటాటోపం అన్న తెలుగు మాట దీనికి అతికినట్టు సరిపోతుంది. మీ ఉత్తరంలోని అన్నయ్యలో నాకు ఇది కనబడలేదు.

సెల్ఫ్ ఇంపార్టెంట్ దగ్గర పిల్లలు బాగా పొరపడతారు. సెల్ఫ్ రెస్పెక్ట్ మంచిది, సెల్ఫ్ కాన్ఫిడెన్స్ మంచిది, కాబట్టి ఇదీ మంచిదే అనుకుంటారు. నా స్టూడెంట్ ఒకమ్మాయి ఉద్యోగం దరఖాస్తులో తన గురించి ఈ మాటే రాసుకుంది. పోస్టు చెయ్యకముందే నాకు చూపించింది కాబట్టి బతికిపోయింది. తను లేకపోతే పని ఆగిపోతుందని నమ్మడం, అందరూ అలాగే నమ్మాలని చూడటం సెల్ఫ్ ఇంపార్టెన్స్. పెళ్ళింట్లో స్టోర్ రూమ్ తాళాలు మొలకి కట్టుకుని తిరిగే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. వంటవాళ్ళు నెయ్యి కోసం నిలబడతారు, పంక్తిలో పప్పు వడ్డించేసి ఉంటారు, ఆయన మాత్రం "నాకు చెప్పకుండా ఎవరు అడిగారు?" అంటూ ఉంటాడు. ఆయనకి అందం గొడవ లేదు, చొక్కా చెమటకి తడిసి ఉంటుంది. డబ్బు గొప్ప కూడా లేదు. ఆ తాళాలే ఆయనకి కావాలి. మనం పెత్తనం అంటాం.

నోరు తెరిస్తే నేను, నా ఆఫీసు అనడానికి ఇంగ్లీషులో వేరే మాట ఉంది, ఈగోటిస్ట్. లాటిన్‌లో ఈగో అంటే నేను. సంస్కృతంలో అహం అంటే నేను. రెండు భాషలూ ఒకే చోటికి ఎలా వచ్చాయో చూడండి. 'టి' చేరిస్తే ఎప్పుడూ తన గురించే మాట్లాడేవాడు. 'టి' లేకుండా ఈగోయిస్ట్ అంటే తన లాభమే చూసుకునేవాడు. ఇప్పుడు చాలామంది రెండూ కలిపేస్తున్నారు గానీ, రాసేటప్పుడు తేడా పాటిస్తే మంచిది. మనం రోజూ అనే "ఈగో హర్ట్ అయింది" అన్నది ఈ రెండూ కాదు, అభిమానం దెబ్బతినడం. హెడ్‌వెయిట్ అన్న మాట కూడా మనం తలబరువు నుంచి చేసుకున్నదే. మీ అన్నయ్య అమెరికన్ స్నేహితుడితో అంటే తలనొప్పా అని అడుగుతాడు.

హాటీ అనే మాట ఒకటి ఉంది, ఎత్తు అనే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. కళ్ళు నెత్తికెక్కాయి అని మనం అనేది అదే. నార్సిసిస్ట్ అన్న మాట ఇప్పుడు ఫోన్లలో తెగ తిరుగుతోంది. నీళ్ళలో తన నీడని చూసి మోహపడ్డ గ్రీకు కుర్రాడి కథ నుంచి వచ్చింది. ఈ రోజు అది మానసిక వైద్యులు ఒక వ్యాధిని నిర్ధారించేటప్పుడు కూడా వాడే మాట. దయచేసి ఇంట్లోవాళ్ళ మీద ఎప్పుడూ వాడకండి. భర్త మీదా, అత్తగారి మీదా, ఎవరి మీదా.

ఇక మీ డాబు. అయిదింట్లోనూ అది లేదు తల్లీ. డాబుకి దగ్గరి ఇంగ్లీషు మాట షోయింగ్ ఆఫ్. మీరు "యూ వర్ షోయింగ్ ఆఫ్ అన్నయ్యా" అని రాసి ఉంటే ఆయన ఒక నవ్వు బొమ్మ పెట్టేవాడేమో. ఎందుకంటే అది ఆ నాలుగు రోజుల్లో ఆయన చేసిన పని గురించి. ఒక చెల్లెలు అన్నగారిని అనగలిగిన మాట. మీరు రాసింది "యూ హావ్ బికమ్". అంటే నువ్వు మారిపోయావు, ఇప్పుడు నీ స్వభావమే ఇది అని. మాట ఎంత తగిలిందో ఆ క్రియ కూడా అంతే తగిలింది. ఇంగ్లీషులో "యూ ఆర్" అంటే మనిషి మీద తీర్పు, "యూ వర్ బీయింగ్" అంటే ఆ పూట ప్రవర్తన మీద మాట. కోపంలో ఉన్నప్పుడు ఈ తేడా ఎవరికీ గుర్తుండదు. మనకి పుట్టుకతో వచ్చిన భాషలో అయితే నోరు దానంతటదే చూసుకుంటుంది. "ఏంటన్నయ్యా నీ డాబు!" అన్నప్పుడు ఆ 'అన్నయ్యా'లోనే సగం కోపం కరిగిపోతుంది. ఇంగ్లీషు వాక్యం చివర అతికించిన అన్నయ్యకి ఆ శక్తి రాలేదు.

కారు దిగకుండా వెళ్ళిపోయిన సంగతికి వస్తాను. మీ చేత ఆ మాట రాయించింది అదేనని నాకు అర్థమైంది. చొక్కాలు, లిఫ్టు కాదు. అది యారోగెన్స్ కావచ్చు, కాకపోవచ్చు. నేను అక్కడ లేను. కానీ నా జీవితంలో జరిగిన ఒకటి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో నా క్లాసుకి ఒక లంక ఊరి కుర్రాడు పడవ దాటి వచ్చేవాడు. రోజూ పది నిమిషాలు ఆలస్యం. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కాళ్ళకి ఒండ్రు ఆరీ ఆరకుండా, గుమ్మం దగ్గర నిలబడేవాడు. "మే ఐ కమిన్ సర్" అనేవాడు కాదు. నా వంక చూస్తూ నిలబడేవాడు అంతే. నేను చూడనట్టు పాఠం చెప్పేవాణ్ణి. ఒకరోజు విసిగిపోయి, అందరి ముందూ ఇంగ్లీషులో "యారోగెంట్ ఫెలో" అన్నాను. అతను ఏమీ అనలేదు, వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాడు. సాయంత్రం అతని పక్కన కూర్చునే కుర్రాడు స్టాఫ్ రూమ్‌కి వచ్చి చెప్పాడు: "వాడికి నత్తండి మాస్టారూ. మ అక్షరం దగ్గర ఆగిపోతాడండి. నలుగురిలో నవ్వుతారని నోరిప్పడండి." మర్నాడు క్లాసులో అందరి ముందూ క్షమించమని అడిగాను. అతను తలొంచుకుని "ఫర్వాలేదండి" అన్నాడు, ఒక్క తడబాటు లేకుండా. అన్నమాట మాత్రం వెనక్కి రాలేదు. ఆ తర్వాత ఈ మాట ఎవరి గురించి అనబోయినా ముందు ఆ ఒండ్రు కాళ్ళు కనబడతాయి.

కాబట్టి కారెందుకు దిగలేదో ఆయన్నే అడగండి. ఫ్లైట్ టైమ్ అయిపోయిందేమో, వెనక సీట్లో ఏడుస్తున్న పెద్దమ్మ ఉందేమో, దిగితే తనకీ కన్నీళ్ళు ఆగవనుకున్నాడేమో. నిజంగా చిన్నచూపే అయితే అదీ తెలుస్తుంది, అప్పుడు మీరు రాసిన మాటకి మీరు నిలబడొచ్చు.

మీరు అడగని మాట ఒకటి నేనే తెస్తాను. ప్రౌడ్. దీన్ని కూడా డిక్షనరీ గర్వం అనే అంటుంది. తెలుగులోనూ గర్వానికి రెండు ముఖాలు ఉన్నాయి. గర్విష్టి తిట్టు, "నిన్ను చూస్తే గర్వంగా ఉంది" ఆశీర్వాదం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర బొమ్మ మన ఊళ్ళలో కనబడుతుంది. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడాయన. మార్టేరు పరిశోధనా కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 1010 వరికి కాటన్‌దొర సన్నాలు అని పేరు. ఆ పేరు పలికేటప్పుడు మన రైతు గొంతులో వినబడేది ప్రైడ్. అందులో ఖాళీ లేదు, ఎవర్నీ తొక్కడం లేదు. పదిహేనేళ్ళు పరాయి దేశంలో పనిచేసి, డాలస్‌లో ఇంకో ఇల్లు కొనుక్కోకుండా, పుట్టిన ఊళ్ళో కాలవ పక్కన ఇల్లు కట్టుకున్నవాడికి ఉన్నది వానిటీ కొంత, ఈ ప్రైడ్ కొంత అని నాకనిపిస్తోంది. పెద్దమ్మగారు మెట్లెక్కలేరని లిఫ్టు పెట్టించాడేమో, అదీ కనుక్కోండి.

మీ వైపు కూడా న్యాయం ఉంది, దాన్ని దాచుకోవద్దు. నాలుగు రోజులు ఆయన తన గురించే చెప్పాడు, మీ గురించి ఒక్క మాట అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ స్కూలు, మీ పిల్లలు, మీ ఆరోగ్యం, ఏదీ. మీకు గుచ్చుకున్నది ఇదేనని నా నమ్మకం. దీనికి ఏ ఇంగ్లీషు మాటా వెతకొద్దు. "అన్నయ్యా, నువ్వు నా గురించి ఏమీ అడగలేదు" అని చెప్పండి. అది నింద కాదు కాబట్టి ఆయన దాన్ని కాదనడానికి కూడా ఉండదు.

మెసేజి పెట్టకండి, ఫోన్ చెయ్యండి. ఆదివారం పొద్దున్న మన ఏడు గంటలంటే అక్కడ శనివారం రాత్రి, భోజనాల వేళ. ఇంట్లోనే ఉంటాడు. ముందు ఆ మాటకి క్షమించమని అడగండి, గ్రూపులో అందరి ముందూ అన్నారు కాబట్టి గ్రూపులోనూ తర్వాత రెండు ముక్కలు రాయండి. "నేను డాబు అనబోయి ఆ మాట అన్నాను" అని ఉన్నదున్నట్టు చెప్పినా చాలు, నవ్వుతాడు. తర్వాత ఆయన మూడుసార్లు అడిగిన దానికి జవాబు చెప్పండి. ఇల్లు ఎలా ఉందో మీరు ఇప్పటిదాకా చెప్పినట్టు లేదు.